గంటలో పదో వంతు

మా ఆఫీసులో కాలాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా కోస్తారు.
ముక్కముక్కకీ ఒక క్లయింటు ఉండాలి,
టీకి ఉండదు, ఏడుపుకి ఉండదు.
"లాయరువి కదా, కోర్టుకెళ్ళవేం?" అంటుంది అమ్మ.
గౌను బీరువాలో ఉంది, కవరు కూడా విప్పలేదు.
నా పని కామాలు.
అయిదేళ్ళ చదువూ కలిపి నూరితే
రాత్రి ఒంటిగంట నలభైకి
నలభయ్యొకటో పేజీలో ఒక కామా
ఉండాలా, వద్దా.
నాతో చేరిన పదకొండు మందిలో
చివరికి ఉంచుకునేది నలుగురినే.
అందుకే లిఫ్టులో కూడా నవ్వుతుంటాం.

నన్ను పలాస పంపింది తెలివి చూసి కాదు.
పద్దెనిమిదో అంతస్తులో
గొలుసుకట్టు రాత చదివేది నేనొక్కదాన్నే.
"బొబ్బిలి కదా నీది, పక్కనేగా" అన్నారు.
నాగావళి, వంశధార
మ్యాపులో వెంట్రుకలంతే ఉంటాయి మరి.

కాశీబుగ్గ లాడ్జీలో కిటికీ తీస్తే
పిక్కలు కాల్చే పొగ.
మంచం నిండా దస్తావేజులు పరిచి కింద కూచున్నాను.
తూర్పు: పైల వారి జీడితోట. ఉత్తరం: గెడ్డ.
ఎనభై ఏడులో ముగ్గురు మగపిల్లలు పంచుకున్నారు.
నాలుగో పేరు రాతలో లేదు.
కనిపెట్టింది నేనే.
"గుడ్ క్యాచ్" అని సీనియర్ మెసేజి,
ఏదో చేప పడ్డట్టు.

ఆ చేప పేరు మడ్డు దాలమ్మ.
పూట కూలి వదులుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకొచ్చింది,
హక్కు వదులుకోడానికి.
వేలు పెట్టింది. మిషను ఎర్రగా చూసింది.
మళ్ళీ పెట్టింది.
ఎడమ చెయ్యి. చూపుడు వేలు.
"తలకి రాసి ఎట్టప్పా" అన్నాడు రాతగాడు ఢిల్లేశ్వరరావు.
రాసి పెట్టింది.
"జీడి తినీసింది పాపా.
ఇరవయ్యేళ్ళయి పిక్కలు కొడతన్నాను,
ఏళ్ళు నున్నగైపోనాయి.
రేసన్ కాడా ఇదే గొడవ."
ఏళ్ళంటే వేళ్ళు.
నన్ను పంపింది ఇందుకే.

చెయ్యి చాపి చూపించింది. తుడిచిన పలక.
బల్ల మీద పాత నకల్లో వాళ్ళమ్మ బొటనవేలు
సుళ్ళు సుళ్ళుగా, తుపాను పటంలా,
సిరా వెలిసినా గీత చెదరకుండా.

నా ఫోన్లో టైమరు నాలుగో ముక్క దాటింది.
"మా తమ్ములు ఎంతకి అమ్మతన్నారు పాపా?"

అంకె నాకు తెలుసు.
నాలుగో పేజీ, రెండో పేరా.
సున్నాల మధ్య కామాలు పెట్టింది నేనే.

"నేను కంపెనీ మనిషిని. మీ లాయరుని కాను.
వేలు వేసే ముందు ఇంకెవరైనా లాయరుని అడగొచ్చు మీరు."
కాలేజీలో ఇంగ్లీషులో బట్టీ పట్టిన వాక్యం
మా యాసలోకి దిగేసరికి
తలుపు తీసినట్టుందో మూసినట్టుందో.
ఆమె కాసేపు నా బూట్ల వంక చూసింది.
"లాయరువి కాదంటావు,
లాయరు మాటే సెప్తావు" అని నవ్వి,
కొంగుకి చేతులు తుడుచుకుని
"అయితే అడిగే వస్తాను" అని లేచింది.
ఢిల్లేశ్వరరావు స్టాంపు కాగితం వంకా
నా వంకా మార్చి మార్చి చూశాడు.

రాత్రి టైంషీటు.
రికార్డుల పరిశీలన, ఇరవయ్యారు ముక్కలు.
వేలిముద్ర అందలేదు, నాలుగు.
మిగిలిన ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను.
కంపెనీ పేరు రాయలేను.
దాలమ్మ పేరు జాబితాలో లేదు.
ఖాళీ వదిలితే సిస్టం ఒప్పుకోదు.
విశాఖ వైపు పోయే రైలేదో కూత పెట్టి పోయింది.
"ఆవిడ ఎందుకెళ్ళిపోయింది?" సీనియర్.
చూస్తుండగానే స్క్రీను ఆరిపోయింది.
బొటనవేలు పెట్టాను.
ఒక్కసారికే నన్ను గుర్తుపట్టింది.